₹1,840లో కార్డుల పెట్టె: పికో, ఎంపీఆర్121, వెలోస్టాట్‌లలో ఏది కొనాలి, దేని దగ్గర జాగ్రత్త పడాలి

ముందే చెప్పేస్తున్నా, ఇది ఒక్క వస్తువు మీద రివ్యూ కాదు. మూడు ముఖ్యమైన పార్టులు, వాటితో పాటు చిల్లర సామాను కొంత కొని, రెండు నెలల శని ఆదివారాలు పోసి ఒక మిడి కంట్రోలర్ కట్టాను, అంటే తాను మోగకుండా ఏ స్వరం ఎలా మోగాలో కంప్యూటర్‌కి చెప్పే పెట్టె. ఎడమ చేత్తో కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) ఎంచుకుంటే కుడి చేతి నాలుగు వేళ్ళ కింద ఆ కార్డ్‌లోని నాలుగు స్వరాలు వస్తాయి, ఏ వేలు ఎంత నొక్కితే ఆ స్వరం అంత లేస్తుంది, వదిలితే అంత తగ్గుతుంది. అంతే పని. ఇందులో డబ్బులు ఎక్కడ దండగయ్యాయి, ఎక్కడ గిట్టుబాటయ్యాయి అన్నది రాస్తున్నా, ఎందుకంటే కొనేముందు నేను వెతికితే ప్రతి పార్టు గురించీ "సూపర్", "వర్కింగ్ ఫైన్", "డెలివరీ ఫాస్ట్" తప్ప ఇంకేమీ దొరకలేదు.

అసలు ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, గుంటూరులో ఎనిమిదో తరగతి నుంచి చర్చిలో కీబోర్డ్ వాయించేవాణ్ణి. మెల్లగా సాగే పాటల్లో మన పనంతా స్ట్రింగ్స్ టోన్ పెట్టుకుని కార్డ్ పట్టుకుని కూర్చోవడమే. నొక్కేటప్పుడు ఎలా నొక్కామో అలాగే ఉండిపోతుంది, మధ్యలో పెంచాలంటే కాలి కింద పెడల్ ఉండాలి, అది తొక్కితే నాలుగు స్వరాలూ కలిసే పెరుగుతాయి. హార్మోనియంలోనూ ఇదే కథ, తిత్తి గట్టిగా కొడితే తెరిచిన రీడ్లన్నీ కలిసే అరుస్తాయి, ఒక్క గాంధారాన్ని మాత్రం కాస్త పైకి తెమ్మంటే దాని వల్ల కాదు. అదే నలుగురు వయొలిన్ వాళ్ళు కూర్చుని అదే కార్డ్ పడితే, ఒకరు పెంచుతుంటే ఇంకొకరు తగ్గుతారు, కార్డ్ ఊపిరి తీసుకుంటున్నట్టుంటుంది. నాకు కావలసింది అది.

కొనుక్కోవచ్చు కదా అంటారా, ఒక్కో వేలి ఒత్తిడినీ విడిగా పట్టుకునే కీబోర్డులు మార్కెట్లో ఉన్నాయి, కానీ ధరలు వేలల్లో కాదు, పదుల వేలల్లో. పైగా అవి అన్ని పనులూ చేస్తాయి, నాకు కావలసింది ఒక్కటే.

దీని వెనక ఉన్న సంగతి రెండు ముక్కల్లో చెబుతా, తర్వాత పార్టులు ఎందుకు అలా ఎంచుకున్నానో అర్థమవుతుంది. 1983లో వచ్చిన మిడిలో ఒక చానల్‌కి పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చేది) ఒక్కటే ఉంటుంది, దాన్ని తిప్పితే ఆ చానల్‌లో మోగుతున్న స్వరాలన్నీ కలిసి జారతాయి. 2018 జనవరిలో ఎంపీఈ (మిడి పాలీఫోనిక్ ఎక్స్‌ప్రెషన్) అనే పద్ధతిని ప్రమాణంగా ఒప్పుకున్నారు, ఇందులో ఒక్కో స్వరాన్నీ ఒక్కో చానల్‌లో పంపుతాం. ఒకటో చానల్ అందరికీ పెద్ద, 2 నుంచి 16 దాకా ఒక్కో స్వరానికి ఒకటి. నావి నాలుగే స్వరాలు కాబట్టి 2 నుంచి 5 చాలు. ఒక్కో చానల్‌కీ దాని పిచ్ బెండ్, దాని ఒత్తిడి, ధ్వని మెరుపు కోసం 74వ కంట్రోల్ నంబర్. కొత్త యంత్రం ఏమీ అక్కర్లేదు, పాత మిడినే తెలివిగా పంచుకున్నారు, అందుకే నాలుగు వందల రూపాయల బోర్డుతో కూడా చేయగలుగుతున్నాం.

ఆ బోర్డు రాస్ప్‌బెర్రీ పై పికో, మనం రాసిన ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు. 2021 జనవరిలో 4 డాలర్లకి వదిలారు, నాకు ₹420 పడింది. నా మార్కులు పదికి తొమ్మిది. 133 మెగాహెర్ట్జ్‌లో నడిచే రెండు కోర్లు, 264 కేబీ మెమరీ, నేను చేసే పనికి ఇది పెళ్ళి పందిరంత ఎక్కువ. బోర్డు మీద తెల్ల బటన్ నొక్కి పట్టుకుని కంప్యూటర్‌కి పెడితే పెన్ డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఫైల్ అందులో పడేస్తే అయిపోయింది. యూఎస్‌బీ మిడి పరికరంలా కనిపించడానికి ఏ డ్రైవర్ గొడవా లేదు, లాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ పెట్టగానే గుర్తుపట్టింది. ఇంత బాగున్న బోర్డుతో నేను మొదటి రోజు మూడు గంటలు కొట్టుకున్నాను, కారణం బోర్డు కాదు, ఇంట్లో దొరికిన కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది, లోపల డేటా తీగలే లేవు. బోర్డు చచ్చిపోయి వచ్చిందని రిటర్న్ పెట్టబోయాను కూడా. ముందు కేబుల్ మార్చి చూడండి.

తగ్గించిన ఆ ఒక్క మార్కు అనలాగ్ పిన్నుల కోసం, అంటే వోల్టులు ఎన్నున్నాయో అంకెగా చదివే పిన్నులు. బయటికి ఇచ్చినవి మూడే, జీపీ26, 27, 28. పేరుకి 12 బిట్లు, అంటే 0 నుంచి 4095 దాకా అంకెలు ఇస్తుంది, కానీ డేటాషీట్ ప్రకారమే నికరంగా పనికొచ్చేవి 9 బిట్లకి కూడా తక్కువ. ఊరికే కూర్చున్నప్పుడు కూడా అంకె పదీ పదిహేను అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఇది విని భయపడకండి, ఒత్తిడి మిడిలో 0 నుంచి 127 దాకానే వెళ్తుంది, అంటే 32 అంకెలకి ఒక మెట్టు, ఆ ఊగులాట అందులో దాదాపు మునిగిపోతుంది. పిచ్ బెండ్‌కి మాత్రం మునగదు, అక్కడ 16,384 మెట్లు, ఊగితే చెవికి తెలుస్తుంది. దానికి ఒక చిట్కా ఉంది, జీపీ23 పిన్‌ని ప్రోగ్రాంలో పైకి లేపి పెడితే బోర్డు మీది పవర్ సప్లై పొదుపు మానేసి నిలకడగా నడుస్తుంది, ఊగులాట బాగా తగ్గుతుంది. ఒక్క లైన్ కోడ్. ఇది తెలియక వారం రోజులు కెపాసిటర్లు అతికిస్తూ కూర్చున్నాను.

రెండోది ఎంపీఆర్121 టచ్ బోర్డు, ₹190. 12 తాకుడు పట్టీలని ఒక్క చిప్ చూసుకుంటుంది, పవర్ తీగలు కాక పికోకి రెండే తీగలు వెళ్తాయి. 12 అంటే సప్తకంలో 12 స్వరస్థానాలు, లెక్క సరిగ్గా సరిపోయింది అనుకుని మురిసిపోయాను. కార్డ్ ఎంచుకోవడానికి ఇది బంగారం, ఆ పనికి పదికి ఎనిమిది ఇస్తాను. ఒత్తిడి కోసం దీన్నే వాడదామనుకుంటే మాత్రం పదికి రెండు.

ఎందుకో చెబుతా. ఇది తాకావా లేదా అన్నదే కాదు, ఎంత మారిందన్నది కూడా అంకెగా ఇస్తుంది, వేలు గట్టిగా నొక్కితే మెత్తబడి ఎక్కువ మేర ఆనుతుంది కాబట్టి అంకె మారుతుంది, దాన్నే ఒత్తిడి అనుకోవచ్చు. నేనూ అలాగే మొదలుపెట్టాను, కానీ వేలు పట్టీకి ఆనిందా, ఇంకా ఆనిందా అన్నదే తప్ప నిజంగా నొక్కిన బలం దానికి తెలియదు. నా చిటికెన వేలు ఎంత నొక్కినా బొటనవేలు ముట్టుకున్నంత కూడా రాదు. చెమట పడితే ఒక లెక్క, చేతులు కడుక్కొస్తే ఇంకో లెక్క. మే నెలలో వాయిస్తే ఒక పాట, డిసెంబరులో వాయిస్తే ఇంకో పాట.

ఇంకో విచిత్రం. లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు చక్కగా పనిచేసేది, చార్జర్ పెట్టగానే తాకని పట్టీలు కూడా మోగడం మొదలు. లాప్‌టాప్ అంచు మీద చేయి పెడితే సన్నగా జివ్వుమనిపించడం మనందరికీ అనుభవమే కదా, రెండు పిన్నుల చార్జర్లు, ఎర్త్ సరిగా లేని ప్లగ్గులు, ఆ జివ్వు కాస్తా నా వేలి గుండా పట్టీల్లోకి దిగి చిప్‌ని తికమక పెడుతోంది. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కి మార్చాక తగ్గింది. అద్దె ఇంట్లో ఉన్న నాలుగు సాకెట్లలో ఒక్కదానికే నిజంగా ఎర్త్ ఉందని ఈ పెట్టె పుణ్యమా అని తెలిసింది.

ఈ బోర్డుకి 3.3 వోల్టులే ఇవ్వాలి. నేను అర్ధరాత్రి నిద్రకళ్ళతో పికో మీది 5 వోల్టుల పిన్‌కి పెట్టాను, ఒకటి ఆహుతి. ఇంకో ₹190. ఇంకోటి, కరెంట్ వచ్చే క్షణంలో పట్టీల మీద వేలు ఉంటే ఆ వేలితో కలిపే "ఏమీ తాకలేదు" అని లెక్క కట్టేసుకుంటుంది, ఆ తర్వాత ఆ పట్టీ ఎంత తాకినా పలకదు. కేబుల్ పెట్టేటప్పుడు చేతులు దూరంగా పెట్టుకోండి, అంతే.

పట్టీలకి రాగి టేప్ వాడాను. మొదట అలాగే వదిలేస్తే రెండు వారాలకే చెమటకి నల్లబడింది, పూజగదిలో చెంబులా చింతపండు పెట్టి తోమలేం కదా, పైన పారదర్శకంగా ఉండే ప్యాకింగ్ టేప్ అంటించాను. టేప్ మీంచి కూడా తాకుడు తెలుస్తుంది కాబట్టి బాధ లేదు. రాగి టేప్ గురించి ఇంకో మాట, రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటిస్తే కరెంట్ వెళ్తుందనుకోవద్దు, చవక టేపుల్లో జిగురు కరెంట్‌ని పోనివ్వదు. అతుకు ఉన్న ప్రతిచోటా చిన్న సోల్డర్ చుక్క పెట్టాల్సిందే. నా ఐదో పట్టీ ఒకరోజు పలికి ఒకరోజు పలక్కపోవడానికి కారణం అదే.

ఇప్పుడు అసలు సరుకు, వెలోస్టాట్. ఈ మొత్తం పెట్టెలో నాకు బాగా నచ్చిందీ, బాగా ఏడిపించిందీ ఇదే. చూడ్డానికి నల్ల కవర్ ముక్క, మందం మిల్లీమీటరులో పదో వంతు. ప్లాస్టిక్‌లో కార్బన్ కలిపి చేస్తారు, ఎలక్ట్రానిక్ సామాన్లని స్టాటిక్ నుంచి కాపాడే ప్యాకింగ్ కోసం పుట్టిన సరుకు. దాన్ని నొక్కితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, అదే మనకి కావలసింది. కింద ఒక రాగి ముక్క, పైన ఒక రాగి ముక్క, మధ్యలో ఇది, శాండ్‌విచ్‌లాగా. ఒత్తిడి కొలవడానికి రెడీమేడ్ ఎఫ్‌ఎస్‌ఆర్ సెన్సర్లు దొరుకుతాయి, కానీ ఒక్కోటీ కొన్ని వందలు, నాలుగు కొంటే బోర్డు ధర కన్నా ఎక్కువ, పైగా గుండ్రంగా వేలి గోరంతే ఉంటాయి. వెలోస్టాట్ ఒక షీట్ ₹480, అందులోంచి నాకు కావలసిన కొలతలో ముప్పై ప్యాడ్లు కోసుకోవచ్చు. నాలుగు ప్యాడ్లు కావాలంటే ఇరవై పాడుచేసుకునే స్వేచ్ఛ ఉంది, నేను ఆ స్వేచ్ఛని పూర్తిగా వాడుకున్నాను.

కొనడంలోనే మొదటి దెబ్బ. ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర పెడితే వచ్చింది వట్టి నల్ల ప్లాస్టిక్, పేరు ఎందుకులే. మల్టీమీటర్ రెండు మొనలూ పెట్టి ఎంత నొక్కినా ఓఎల్ (కొలతకి అందట్లేదని మీటర్ చూపించే గుర్తు) తప్ప అంకె రాలేదు. అసలుదైతే మొనలు పక్కపక్కన పెట్టి నొక్కగానే కిలో ఓమ్‌లలో ఏదో ఒక అంకె కనిపిస్తుంది, నొక్కే కొద్దీ తగ్గుతుంది. ఫొటో పంపితే డబ్బులు వెనక్కి ఇచ్చారు, అది నిజం. పార్సిల్ వచ్చిన రోజే ఈ పరీక్ష చేసేయండి, రిటర్న్ గడువు దాటాక చేస్తే లాభం లేదు.

రెండోసారి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ సామాన్లంటే అదే కదా, రెండు చేతులు చాపితే రెండు వైపుల షాపులూ తగులుతాయన్నట్టుండే సందు. మొదటి రెండు షాపుల్లో "క్యా హోనా భాయ్" అన్నారు, వెలోస్టాట్ అంటే మొహాలు చూసుకున్నారు. మూడో షాపులో పెద్దాయన "నొక్కితే రెసిస్టెన్స్ తగ్గే నల్ల షీటా బాబూ" అని లోపలి నుంచి తెచ్చాడు, కౌంటర్ మీదే మీటర్ పెట్టి చూపించాడు. బేరం ఆడబుద్ధి కాలేదు. ఆన్‌లైన్ కన్నా ₹60 ఎక్కువే, పార్కింగ్ కోసం తిరిగిన పెట్రోల్ వేరే, అయినా చేత్తో ముట్టుకుని కొనే సరుకు ఇది. మల్టిప్లెక్సర్ చిప్పులూ జీరో పీసీబీ, జంపర్ వైర్లు కూడా అక్కడే తీసుకున్నాను.

ఇక దాంతో పడ్డ పాట్లు. అంచులు మొదటి పాఠం. వెలోస్టాట్‌ని రాగి ముక్కతో సమానంగా కోస్తే పై రాగీ కింది రాగీ అంచు దగ్గర తగులుతాయి, ఇంక ఆ స్వరం వేలు పెట్టకపోయినా ఫుల్ సౌండ్‌లో మోగుతూనే ఉంటుంది. రాత్రి పదకొండు గంటలకి హెడ్‌ఫోన్లు తీసి స్పీకర్ పెట్టిన మరుక్షణం ఇది జరిగింది, పక్కింటి వాళ్ళు మర్నాడు అడిగారు కూడా. చుట్టూ మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వదిలి కోయండి.

రెసిస్టర్ విలువ రెండోది, ప్యాడ్ మీది ఒత్తిడిని పికో వోల్టులుగా చదవాలంటే ప్యాడ్‌కి వరసగా ఒక రెసిస్టర్ పెట్టాలి. నా ప్యాడ్‌లో తేలిగ్గా తాకితే 20 కిలో ఓమ్‌ల దగ్గర, గట్టిగా నొక్కితే 1 కిలో ఓమ్ దగ్గర ఉంటోంది. కింద 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే కొంచెం నొక్కగానే దాదాపు నిండిపోతుంది, ఆ తర్వాత ఎంత నొక్కినా తేడా తెలియదు. 1 కిలో ఓమ్ పెడితే మెత్తటి తాకుడు అసలు తెలియదు. 4.7 కిలో ఓమ్‌లు పెడితే తేలిక తాకుడుకి 0.6 వోల్టులు, గట్టి నొక్కుకి 2.7 వోల్టులు వచ్చింది, దాంతో ఆగిపోయాను. అయినా వరస సూటిగా ఉండదు, మొదట్లో గబగబా పెరిగి చివర్లో నత్తనడక నడుస్తుంది, దాన్ని కోడ్‌లో ఒక పట్టికతో సరిచేయాలి. ఈ పట్టిక మీద నేను పెట్టినంత టైం ఇంక దేని మీదా పెట్టలేదు. నాలుగు ప్యాడ్లకీ నాలుగు వేరే పట్టికలు, ఎందుకంటే నాలుగు వేళ్ళూ ఒక్క బలంతో నొక్కవు, ఉంగరపు వేలు మరీ సోమరి. ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టిక కుదిరి, ఉంగరపు వేలు మెల్లగా ఆనిస్తే పంచమం లేచి, మిగతా మూడూ అలాగే నిలబడి ఉంటే, నేను పది నిమిషాలు అదే కార్డ్ పట్టుకుని కూర్చున్నాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, "ఇదేంట్రా, తిత్తి లేని హార్మోనియం" అని వెళ్ళిపోయింది. అంత కన్నా బాగా దీన్ని నేను వర్ణించలేను.

మూడోది, దీనికి మతిమరుపు. ఒక ప్యాడ్‌ని ఇరవై సెకన్లు ఒకే బలంతో పట్టుకుంటే అంకె మెల్లగా దానంతటదే పైకి పాకుతుంది. వదిలేశాక వెంటనే సున్నాకి రాదు, పరుపు మీద నుంచి లేచాక గుంట కాసేపు ఉన్నట్టు ఉంటుంది. బరువు కచ్చితంగా తూచే పనికి ఇది పనికిరాదు, వాయిద్యానికి పనికొస్తుంది, ఎందుకంటే చెవి వింటూనే వేలు సర్దుకుంటుంది. కానీ వదిలాక స్వరం తోక ఈడ్చుకుంటూ ఉండిపోతే చిరాకు, అందుకే అంకె ఒక గీత కిందికి వచ్చి కాసేపు కదలకుండా ఉంటే అదే కొత్త సున్నా అనుకోమని కోడ్‌లో రాశాను. పైన స్టేషనరీ షాపులో పిల్లల క్రాఫ్ట్ పనికి అమ్మే రెండు మిల్లీమీటర్ల ఫోమ్ షీట్ అంటించాను, ₹40. ఆ ఫోమ్ లేకుండా వాయిస్తే టేబుల్ నొక్కినట్టుంది, ఫోమ్ పెట్టాక వేలు లోపలికి దిగుతున్నట్టు తెలుస్తుంది, ధ్వనిలో మార్పు వేలికి కూడా తెలుస్తోందన్నమాట. అన్నింటికన్నా చవకైన భాగం ఇది, వాయించేటప్పుడు అన్నింటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది కూడా ఇదే. వెలోస్టాట్‌కి నా మార్కులు ఏడు, ఫోమ్‌తో కలిపితే ఎనిమిదిన్నర.

మిగతావి త్వరగా. నాలుగు ప్యాడ్లనీ ఒకే అనలాగ్ పిన్ మీద చదవడానికి మల్టిప్లెక్సర్ కావాలి. సీడీ4051 అడిగితే ఎక్కడైనా ఇస్తారు, కానీ 3.3 వోల్టుల దగ్గర అది నీరసంగా ఉంటుంది, 74హెచ్‌సీ4051 అని అడిగి తీసుకోండి, ₹30. ఒక చానల్ నుంచి ఇంకో చానల్‌కి మారాక మొదటి రీడింగ్ పారేసి రెండోది తీసుకోవాలి, లేకపోతే ముందు వేలి నీడ తర్వాతి వేలి మీద పడుతుంది. జాయ్‌స్టిక్ మాడ్యూల్, రోబో కిట్లలో వచ్చే ₹80 రకం, బొటనవేలితో పిచ్ బెండ్‌కి, మెరుపుకి. ఇది చెత్త. వదిలితే ప్రతిసారీ కొత్త చోట నిలబడుతుంది, మధ్యలో వెడల్పుగా చచ్చు జాగా వదలాల్సి వచ్చింది, అంటే సన్నటి గమకం పోయినట్టే. పదికి మూడు, అది కూడా ధర చూసి. మొదట పెట్టెగా బిస్కెట్ల రేకు డబ్బా వాడాను, అందంగానే ఉంది, కానీ లోహం పక్కన ఉంటే టచ్ పట్టీలకి పిచ్చెక్కుతుంది. కార్పెంటర్ దగ్గర ప్లైవుడ్ ముక్కలు కోయించుకుంటే ₹250.

ప్రోగ్రాం మొదట సర్క్యూట్‌పైథాన్‌లో రాశాను. నేర్చుకోవడానికి చాలా సులువు, ఫైల్ సేవ్ చేయగానే నడుస్తుంది. కానీ మధ్యమధ్యలో మెమరీ ఊడ్చుకోవడానికి ఆగుతుంది, ఆ ఆగినప్పుడు ఒత్తిడి మెట్లు మెట్లుగా వినిపించింది. ఆర్డుయినో వైపు మళ్ళీ రాసుకున్నాక నున్నగా అయింది. ఒత్తిడి సందేశాలు నాలుగు వేళ్ళ నుంచి వరదలా వస్తాయి కాబట్టి యూఎస్‌బీనే వాడండి. పాత గుండ్రటి 5 పిన్నుల మిడి కేబుల్ వేగం సెకనుకి 31,250 బిట్లు, ఒక ఒత్తిడి సందేశానికి రెండు బైట్లు, అంటే 0.64 మిల్లీసెకన్లు, నాలుగు వేళ్ళు, పైన పిచ్ బెండ్లు కూడా కలిస్తే ఆ గొట్టం నిండిపోతుంది. ఇంకా ఆలస్యం అనిపిస్తే అది పెట్టెది కాదు, కంప్యూటర్ ఆడియో సెట్టింగ్‌ది. కంప్యూటర్ ధ్వనిని ముక్కలుగా పోగు చేసుకుని మోగిస్తుంది, ఆ పోగే బఫర్, 48 కిలోహెర్ట్జ్ దగ్గర 512 శాంపిళ్ళ బఫర్ అంటే 10.7 మిల్లీసెకన్లు, 128కి తెస్తే 2.7. నాది పాత లాప్‌టాప్, 128 దగ్గర పటపటమంటోంది, 256తో సర్దుకున్నాను.

ధ్వని కోసం సర్జ్ ఎక్స్‌టీ అనే సింథసైజర్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా, ఉచితం, అందులో ఎంపీఈ బటన్ ఒకటి ఉంటుంది, అది నొక్కడం మర్చిపోతే నాలుగు వేళ్ళ బెండ్లూ ఎక్కడికో పోయి భూతాల కచేరీ వినిపిస్తుంది.

ఇప్పుడు ఇదంతా కట్టాక అనుకోకుండా దొరికినవి రెండు. ఒకటి, కార్డ్ మార్చినప్పుడు పాత స్వరాన్ని ఆపి కొత్తది మోగించకుండా, ఉన్న స్వరాన్నే జార్చవచ్చు. ఎంపీఈలో పిచ్ బెండ్ మామూలుగా 48 అర స్వరాల దాకా పైకీ కిందికీ వెళ్తుంది, అంటే ఒక అర స్వరానికి దాదాపు 171 మెట్లు. సి మేజర్ నుంచి ఎఫ్ మేజర్‌కి వెళ్ళాలనుకోండి, మన లెక్కలో చెప్పాలంటే కింది స, పై స కదలవు, గాంధారం 171 మెట్లు జారి శుద్ధ మధ్యమం అవుతుంది, పంచమం 341 మెట్లు జారి ధైవతం అవుతుంది. రెండు నిలబడి రెండు నడిచి వెళ్తాయి. చర్చిలో వేల సార్లు ఆ రెండు కార్డుల మధ్య తిరిగాను, లోపల స్వరాలు ఎవరెటు వెళ్తున్నారో నాకు చెవితో తెలిసింది మాత్రం ఇప్పుడే. కార్డులు లేని మన సంగీతంలోని జారుని తెచ్చి కార్డుల మధ్యలో పెట్టినట్టుంది.

రెండోది ఇంకా చిన్నది, నాకు ఇంకా ఇష్టమైనది. కీబోర్డుల్లో మేజర్ కార్డ్ గాంధారం స నుంచి 400 సెంట్ల (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు) దగ్గర ఉంటుంది, తంబురా మీద దానంతటదే వినిపించే అంతర గాంధారం దాదాపు 386 దగ్గర. ఆ పధ్నాలుగు సెంట్ల తేడా వల్లే కీబోర్డ్ కార్డ్‌ని ఎక్కువసేపు పట్టుకుంటే సన్నగా గరగరమన్నట్టు ఉంటుంది. గాంధారం ఒక్కటీ వేరే చానల్‌లో ఉంది కాబట్టి దాన్ని మాత్రం 23 మెట్లు కిందికి లాగాను. గరగర పోయింది. ఎడమ వైపు ఒక బటన్‌కి ఆ పని అప్పగించాను, నొక్కితే 386, వదిలితే 400. చూపిస్తే మా ఆవిడకి తేడా తెలియలేదు, చర్చిలో వయొలిన్ వాయించే అన్న మాత్రం మొదటిసారికే "ఏదో సద్దుమణిగింది" అన్నాడు.

ఖర్చు ₹1,840, కాల్చేసిన చిప్ లాంటి దండగలు కలిపితే ₹2,150. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ ముందే ఉన్నాయి, లేనివాళ్ళు ఇంకో వెయ్యి కలుపుకోండి. సోల్డరింగ్ ఎప్పుడూ చేయనివాళ్ళు ఇది మొదటి పనిగా పెట్టుకోవద్దు, ప్యాడ్ దగ్గర వేడి ఎక్కువసేపు పెడితే వెలోస్టాట్ కరిగిపోతుంది, తీగలు ముందే రాగికి అతికించి తర్వాతే శాండ్‌విచ్ కట్టాలి. వేగంగా వాయించే వాళ్ళకి కూడా ఇది కాదు, గంతులేసే పాటలకి మామూలు కీబోర్డే హాయి. నిదానమైన పాటలు, స్ట్రింగ్స్, ప్యాడ్ టోన్లు, వెనకాల నిలబడి కార్డ్ పట్టేవాళ్ళు, వాళ్ళకే ఇది.

డబ్బులు తక్కువుంటే పికో బదులు ఇంకా మంచి బోర్డు వైపు వెళ్ళొద్దు. అదే డబ్బు పెట్టి ఇంకో వెలోస్టాట్ షీట్, నాలుగు రకాల మందంలో ఫోమ్ కొనండి. నేను తిరగేసి చేశాను, ముందు బోర్డుల గురించి నెల రోజులు చదివి, ఫోమ్ గురించి చివరి రోజు ఆలోచించాను.

వానలు మొదలయ్యాక మూడో ప్యాడ్ మళ్ళీ తోక ఈడుస్తోంది, లోపల తేమ చేరిందేమో, విప్పి చూడాలి. జాయ్‌స్టిక్ ఎలాగూ పీకేస్తున్నా. దాని చోట ఇంకో రెండు వెలోస్టాట్ ప్యాడ్లు పక్కపక్కన పెట్టి, బొటనవేలు ఎటు వాలితే బెండ్ అటు వెళ్ళేలా చేద్దామని షీట్‌లో ముక్కలు గీసి పెట్టుకున్నాను, మల్టిప్లెక్సర్‌లో నాలుగు చానళ్ళు ఖాళీగానే ఉన్నాయి.